గోథిక్ పేరిష్ చర్చి: గోదావరి డెల్టా చదువరులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో గాని, నరసాపురం కాలవ వెంబడి గాని ప్రయాణం చేసేవారికి కొబ్బరి తోటల సందుల్లోంచి అప్పుడప్పుడు ఒక పాత మిషను చర్చి కనిపిస్తుంది. దాని కిటికీలు మన ఇళ్ల కిటికీల వలె నలుచదరంగా ఉండవు. దండం పెట్టిన రెండు అరచేతుల లాగా పైన కలుసుకొని మొనదేలి ఉంటాయి. ఆ ఆకారం ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, రాయి దొరకని ఈ ఒండ్రు నేలకు ఎలా చేరింది అని ఆదివారం ఆరాధన ముగిశాక యువకులు అడుగుతూ ఉంటారు, క్రిస్మస్‌కు ఊరు వచ్చిన బంధువులు అడుగుతారు, క్రైస్తవులు కాని ఇరుగుపొరుగు వారూ అడుగుతారు. వృత్తిరీత్యా కట్టడాల పని తెలిసినవాణ్ని, మా సంఘంలో మందిరం మరమ్మతుల బాధ్యత చూసినవాణ్ని కావడం వల్ల ఆ ప్రశ్నలు ఎక్కువగా నా దగ్గరికే వచ్చాయి. వాటికి నేను ఇస్తూ వచ్చిన జవాబులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పేరిష్ చర్చి అంటే ఏమిటి? కెథడ్రల్‌కు, దీనికి తేడా ఏమిటి?

ఒక ఊరికో, కొన్ని పేటలకో కలిపి ఒక గురువును నియమించి, అక్కడి విశ్వాసుల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు అన్నీ ఒకే చోట జరిగేలా ఏర్పరచిన పరిధిని పేరిష్ అంటారు. మన కథోలిక సంఘాలలో దీనిని విచారణ అని, దాని బాధ్యత వహించే గురువును విచారణ గురువు అని పిలుస్తారు. ఆ పరిధిలోని ప్రజలందరికీ చెందిన చర్చి పేరిష్ చర్చి. బిషప్పు పీఠం ఉన్న చర్చి కెథడ్రల్. కాబట్టి తేడా అధికారానికి సంబంధించినది, కట్టడం పరిమాణంతో దానికి పని లేదు. జర్మనీలోని ఉల్మ్ నగరంలో 1377లో మొదలుపెట్టి 1890లో శిఖరం ముగించిన చర్చి ఎత్తు 161.5 మీటర్లు. ఎన్నో కెథడ్రల్‌ల కంటే అది ఎత్తైనది, అయినా అందులో ఏనాడూ బిషప్పు పీఠం లేదు. ఆ ఊరి పౌరులు తమ కోసం కట్టుకున్న పేరిష్ చర్చి అది.

మరి మెదక్ చర్చి?

తెలుగువారికి గోథిక్ అనగానే మెదక్ గుర్తుకు రావడం సహజం. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ పూనికతో కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. అది మెదక్ డయోసిస్ (ఒక బిషప్పు అధికారం కింద ఉన్న ప్రాంతం) కెథడ్రల్. కాబట్టి కొలతలకు, శైలికి మంచి ఉదాహరణ అవుతుంది గాని, ఒక పేరిష్ చర్చి ఎలా బతుకుతుందో తెలుసుకోవడానికి చిన్న ఊళ్ల చర్చిలనే చూడాలి.

గోథిక్ అన్న పేరు ఎలా వచ్చింది?

గోతులు రోమా సామ్రాజ్యంపై దండెత్తిన ఒక జాతి. ఈ కట్టడాలతో వారికి ఏ సంబంధమూ లేదు. పునరుజ్జీవన కాలపు ఇటలీ పండితులు, ముఖ్యంగా 16వ శతాబ్దానికి చెందిన వసారి, ప్రాచీన రోమన్ పద్ధతిని మెచ్చుకుంటూ, నడుమ వచ్చిన ఈ శైలిని అనాగరికుల పనిగా చిన్నబుచ్చారు. నింద మరుగున పడింది, పేరు మిగిలింది. దీన్ని కట్టిన మేస్త్రీలు మాత్రం తమ పనిని ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు.

శైలి పుట్టుకను సాధారణంగా పారిస్ సమీపంలోని సెయింట్ డెనిస్ మఠం చర్చితో మొదలుపెడతారు. మఠాధిపతి సుజే ఆధ్వర్యంలో తిరిగి కట్టిన దాని తూర్పు భాగాన్ని 1144 జూన్ 11న ప్రతిష్ఠించారు. గోడలను సన్నగా చేసి, బరువును స్తంభాల మీదికి, కప్పు కింద అల్లిన పక్కటెముకల వంటి తోరణాల మీదికి మళ్లించి, మిగిలిన చోటంతా వెలుగుకు విడిచిపెట్టడం అక్కడ ఒక సంపూర్ణ పద్ధతిగా కనిపించింది. అయితే అందులోని విడివిడి అంశాలు అంతకుముందే ఉన్నాయి. ఇంగ్లండులో 1093లో పని మొదలైన డర్హమ్ కెథడ్రల్‌లో ఆ పక్కటెముకల కప్పు అప్పటికే కనిపిస్తుంది.

తోరణం పైన మొన ఎందుకు? అందం కోసమేనా?

అందం కన్నా ముందు అవసరం ఉంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే గోథిక్ కట్టడంలో సగం అర్థమైనట్టే గనుక కాస్త నిదానంగా చెబుతాను.

అర్ధవృత్తాకారపు తోరణానికి ఒక కట్టుబాటు ఉంది. దాని ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగమే. ఇరవై అడుగుల వెడల్పుకు పది అడుగుల ఎత్తే వస్తుంది, పన్నెండు అడుగుల వెడల్పుకు ఆరు అడుగులే వస్తుంది. ఒక గదిలో పొడవు వైపున, అడ్డం వైపున వేర్వేరు వెడల్పులు ఉంటే నాలుగు వైపులా తోరణాల తలలు ఒకే మట్టానికి రావు. మొనదేలిన తోరణంలో ఈ చిక్కు లేదు. ఒక తాడు, రెండు మేకులు తీసుకొని నేల మీద గీసి చూడండి. ఇరవై అడుగుల ఎడంలో రెండు మేకులు కొట్టి, ఒక మేకుకు ఇరవై అడుగుల తాడు కట్టి, రెండో మేకు దగ్గర నుండి పైకి ఒక వంపు గీయాలి. తరువాత రెండో మేకుకు తాడు మార్చి, అలాగే ఎదురు వంపు గీయాలి. రెండు వంపులు కలిసే చోటు నేల గీతకు పదిహేడు అడుగులకు కొంచెం పైగా ఎత్తులో ఉంటుంది. మేకులను లోపలికి జరిపితే మొన దిగుతుంది, బయటికి జరిపి తాడు పెంచితే మొన లేస్తుంది. వెడల్పు మార్చకుండానే ఎత్తును మేస్త్రీ తన ఇష్టానికి తెచ్చుకోగలడు.

రెండో లాభం ఇంకా పెద్దది. ఏ తోరణమైనా కిందికి బరువు దించడంతో ఊరుకోక, తన కాళ్లను పక్కలకు కూడా తోస్తుంది. ఒకే వెడల్పుకు తోరణం ఎంత ఎత్తుగా లేస్తే ఆ పక్కతోపు అంత తగ్గుతుంది. మిగిలిన తోపును ఆపడానికి గోడకు బయటి నుండి ఊతగోడలు కడతారు. పెద్ద చర్చిలలో ఆ ఊతగోడ గోడకు దూరంగా నిలిచి, గాలిలో చాపిన చెయ్యి లాంటి వంపుతో మధ్య భాగపు కప్పును పట్టుకుంటుంది. ఈ లెక్కకూ హద్దు ఉంది. ఫ్రాన్సులోని బొవే కెథడ్రల్‌లో కప్పును 48 మీటర్ల ఎత్తుకు లేపారు. 1284లో అందులో కొంత భాగం కూలిపోయింది.

ఈ తోరణం యూరపువారు కనిపెట్టినదేనా?

మొనదేలిన తోరణాన్ని పశ్చిమాసియాలోని ముస్లిం మేస్త్రీలు యూరపు కంటే శతాబ్దాల ముందే వాడారు. మన వైపు 1591 నాటి చార్మినారులోను, గోల్కొండ కోటలోను దానిని చూస్తాం. మన డెల్టా దేవాలయాలు, ద్రాక్షారామం వంటివి, స్తంభం మీద దూలం నిలిపే పద్ధతివి. ఆ పద్ధతిలో పక్కతోపు ఉండదు గనుక ఊతగోడ అవసరమూ ఉండదు. రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఒక్కొక్కదానిలోని తెలివి బాగా తెలుస్తుంది.

ఇంత పెద్ద పనికి డబ్బు ఎవరు పెట్టారు?

రాజులు, ప్రభువులు పెట్టారని చాలామంది అనుకుంటారు. కెథడ్రల్‌ల విషయంలో అది కొంతవరకు నిజం. పేరిష్ చర్చి సంగతి వేరు. మధ్యయుగపు ఇంగ్లండులో 13వ శతాబ్దం నాటికే ఒక ఆచారం స్థిరపడింది. బలిపీఠం ఉన్న తూర్పు భాగాన్ని బాగుచేయించడం ఆ చర్చి దశమభాగాలు తీసుకునే గురువు బాధ్యత. జనం నిలబడే మధ్య భాగాన్ని నిలబెట్టుకోవడం ఊరివారి బాధ్యత. ఊరివారు తమలో కొందరిని పెద్దలుగా ఎన్నుకొని, ఆ సొమ్ముకు లెక్కలు రాయించేవారు. కొన్ని ఊళ్లలో ఆ లెక్కల పుస్తకాలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

వాటిలో నాకు అత్యంత ప్రియమైనది లింకన్‌షైర్‌లోని లౌత్ ఊరి లెక్క. అక్కడి సెయింట్ జేమ్స్ పేరిష్ చర్చి శిఖరాన్ని 1501లో మొదలుపెట్టి 1515లో ముగించారు. శిఖరం కొన వరకు ఎత్తు 287 అడుగుల పైచిలుకు, ఖర్చు సుమారు 305 పౌండ్లు. స్కాట్లండు రాజు నుండి యుద్ధంలో దక్కిన ఒక పెద్ద రాగి పళ్లేన్ని కొని, దానితో గాలికోడిని, అంటే గాలి వీచే దిక్కును చూపే కోడి బొమ్మను, చేయించి శిఖరం కొనన నిలిపారు. ఆ రోజు గురువు దానిని ఆశీర్వదించాడని, స్తుతి గీతం పాడించి గంటలన్నీ మోగించారని, అక్కడ చేరిన జనమందరికీ రొట్టె, బీరు పంచారని సంఘ పెద్దలు రాసిపెట్టారు. పద్నాలుగేళ్లు నడిచిన పనికి ఊరంతా ఎలా సంతోషించిందో ఆ రెండు మూడు పంక్తులలో కళ్లకు కడుతుంది. కోత పండుగకు ధాన్యపు బస్తాలు తెచ్చి మందిరం ముందు దింపేవారికి, ఇంట్లో ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం దేవుని పేరున వేరే కుండలో వేసే తల్లులకు ఆ లెక్కల పుస్తకంలోని మనుషులు పరాయివారుగా అనిపించరు.

మెత్తటి నేల మీద అంత బరువు ఎలా నిలబడింది?

డెల్టాలో ఇల్లు కట్టిన ప్రతివారూ అడగవలసిన ప్రశ్న ఇది. దీనికి సరైన పోలిక లౌత్‌కు దక్షిణంగా, అదే లింకన్‌షైర్‌లో ఉన్న బోస్టన్ ఊరి సెయింట్ బొటాల్ఫ్ చర్చి. ఆ ప్రాంతం మన డెల్టా లాగానే సముద్రమట్టానికి దాదాపు సమానంగా పరుచుకున్న బల్లపరుపు నేల. బురద, ఒండ్రు, కాలవలు, గట్లు, వాటి మధ్య పొలాలు. సముద్రపు పోటు ఎక్కే విథమ్ నది గట్టునే చర్చి నిలిచి ఉంది. ఉన్ని ఎగుమతితో ధనికులైన వర్తకుల ఊరు కావడం వల్ల 1309లో ఈ చర్చి పని మొదలైంది. 15వ శతాబ్దం నడుమ ఎత్తడం మొదలుపెట్టిన గోపురం 16వ శతాబ్దం తొలి ఏళ్లలో పూర్తయింది. దాని ఎత్తు సుమారు 266 అడుగులు, అంటే మెదక్ గోపురానికి ఒకటిన్నర రెట్లు. బల్లపరుపు నేల గనుక ఎన్నో మైళ్ల దూరానికి కనిపిస్తుంది.

ఇటువంటి నేల మీద మేస్త్రీలు రెండు జాగ్రత్తలు పాటిస్తారు. బరువును ఒక్క చోట కుప్పగా పడనీయకుండా పునాదిని విశాలం చేస్తారు, పైభాగాన్ని వీలైనంత తేలిక చేస్తారు. బోస్టన్‌లో జనం కూర్చునే మధ్య భాగానికి రాతి కప్పు లేదు, కలప కప్పే ఉంది. నిర్మాణ కాలం కూడా ఇందులో సాయపడుతుంది. ఏడాదికి కొన్ని అడుగుల చొప్పున గోడ లేస్తే అడుగునున్న మట్టి నెమ్మదిగా బిగుసుకొని బరువుకు అలవాటుపడుతుంది. సున్నపు గచ్చు కూడా నెమ్మదిగా గట్టిపడుతుంది గనుక చిన్నచిన్న కుంగుళ్లను చీలిపోకుండా ఓర్చుకుంటుంది. మన వైపు ఇటువంటి నేలకు తెలిసిన ఉపాయం బావి పునాది. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టించినప్పుడు ఆర్థర్ కాటన్ ఇసుకలో బావులు దింపి వాటి మీదనే కట్టడం లేపించాడు. దక్షిణాది మేస్త్రీలకు అంతకుముందు నుంచే తెలిసిన విద్య అది.

బోస్టన్ చర్చి పడమటి ద్వారం దగ్గర గోపురం గోడ మీద ఆయా సంవత్సరాల వరద నీటి మట్టాలు చెక్కి ఉన్నాయి. 2013 డిసెంబరు 5న ఉప్పెన వచ్చినప్పుడు నీరు చర్చి లోపలికి చేరింది. గోదావరి 1986 వరద ఎక్కడిదాకా వచ్చిందో ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూపించే మన పెద్దలను చూసినవారికి ఆ చెక్కిన గీతల విలువ వేరే చెప్పనక్కరలేదు. ఈ చర్చికి 1612 నుండి 1633 వరకు గురువుగా ఉండి, తరువాత అమెరికా వెళ్లిపోయినవాని పేరు జాన్ కాటన్. ఆ ఇంటిపేరు వినగానే డెల్టావారికి ధవళేశ్వరం గుర్తుకు రాక మానదు.

రాయి దొరకని చోట గోథిక్ సాధ్యమా?

సాధ్యమే. జర్మనీ ఉత్తర తీరంలో, బాల్టిక్ సముద్రపు ఒడ్డున మంచి కట్టుబడి రాయి లేదు, బంకమట్టి ఉంది. అక్కడివారు ఇటుకతోనే గోథిక్‌ను సాధించారు. ల్యూబెక్ నగరంలోని సెయింట్ మేరీ పేరిష్ చర్చిని 13వ శతాబ్దం నడుమ నుండి సుమారు నూరేళ్ల పాటు కట్టారు. మధ్య భాగపు ఇటుక కప్పు ఎత్తు 38.5 మీటర్లు. ప్రపంచంలోని ఇటుక కప్పులలో అదే ఎత్తైనది. సంత వీధి పక్కనే నిలిచిన ఈ చర్చిని వర్తకులు కట్టించుకున్నారు. అదే ఊరిలోని బిషప్పు కెథడ్రల్ కంటే ఇది మిన్నగా ఉండాలని వారి పట్టుదల. చుట్టుపక్కల దేశాలలో ఎన్నో చర్చిలకు ఇదే నమూనా అయింది.

రాతిలో ఉలితో చెక్కే సన్నని పనిని ఇటుకలో ఎలా తెచ్చారంటే, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే అచ్చులలో పోసి గుండ్రటి, వంపు అంచుల ఇటుకలను తీశారు. కాల్చిన తరువాత వాటిని వరుసగా పేరిస్తే స్తంభపు ఒంపులు, తోరణపు అంచులు వచ్చేస్తాయి. బొమ్మలు, ఆకుల అల్లికలు రాతిలో వచ్చినంత నాజూకుగా రావు. అందువల్ల ఇటుక గోథిక్‌లో నగిషీ తక్కువ, గోడ నిండుతనం ఎక్కువ. నా మటుకు నాకు ఆ నిండుతనమే ఎక్కువ నచ్చుతుంది. ఊక మంటతో ఇటుక బట్టీలు కాలే డెల్టాలో పుట్టి పెరిగినవాడికి ఇటుక పనిలోని కష్టం తెలుసు.

1942 మార్చిలో, మట్టల ఆదివారం ముందురాత్రి, రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల వల్ల ల్యూబెక్ చర్చి తగలబడింది. దక్షిణ గోపురంలోని పెద్ద గంటలు కిందపడి పగిలాయి. ఊరివారు వాటిని అక్కడి నుండి తీయలేదు. నేలలోకి కూరుకొని ముక్కలైన ఆ గంటలు నేటికీ పడినచోటే ఉన్నాయి. చర్చిని మాత్రం తిరిగి నిలబెట్టుకున్నారు.

ఈ శైలి గోదావరి డెల్టాకు ఎలా చేరింది?

యూరపులో 16వ శతాబ్దం తరువాత గోథిక్ వెనుకబడింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మళ్లీ దానిపై మక్కువ పెరిగింది. పూజిన్ వంటి వాస్తుశిల్పులు, 1839లో కేంబ్రిడ్జిలో ఏర్పడిన ఒక సంఘం, చర్చి అంటే గోథిక్‌గానే ఉండాలని గట్టిగా వాదించారు. అదే కాలంలో ఇంగ్లీషువారు, ఇతర యూరపువారు, అమెరికావారు ఇక్కడ మిషనులు స్థాపించడం వల్ల ఆ అభిరుచి కట్టడపు బొమ్మల నకళ్లతో పాటు ఓడలెక్కి వచ్చింది. కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌ను 1847లో, మద్రాసులోని శాంథోమ్‌ను ఇప్పుడున్న రూపంలో 1896లో ప్రతిష్ఠించారు.

మన వైపు 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ అనే బ్రెదరన్ (ఒక ప్రొటెస్టంట్ శాఖ) మిషనరీలు నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. 1845లో రాజమండ్రికి లూథరన్ మిషను వచ్చింది. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడ చేరారు. ఫ్రెంచివారి యానాంలో కథోలిక దేవాలయం 1846లో పూర్తయింది. పెద్ద పట్టణాలలోని కెథడ్రల్‌ల వలె ఇక్కడ పేరున్న వాస్తుశిల్పులు ఉండేవారు కారు. మిషనరీ చేతిలో ఒక బొమ్మ, మన తాపీ మేస్త్రీ చేతిలో అనుభవం ఉండేవి. తోరణం కట్టడం మేస్త్రీకి కొత్త కాదు. కోనసీమకు నీరు దాటించడానికి గన్నవరం దగ్గర కట్టిన పాత అక్విడక్టులోనే 49 తోరణాలు ఉండేవి. మొన తేల్చడం ఒక్కటే అతనికి కొత్తగా నేర్చుకోవలసినది.

ఆ మేస్త్రీలు చేసిన మార్పులు గమనించదగినవి. ఎండ తీవ్రత వల్ల కిటికీలు పెద్దవి చేయక, గోడను మందంగా ఉంచి, పైన గాలి వెళ్లే వెంటిలేటర్లు పెట్టారు. వానజల్లు లోపలికి కొట్టకుండా చుట్టూ వసారా దింపారు. ఆ వసారా స్తంభాలే కొంతవరకు ఊతగోడల పని కూడా చేస్తాయి. రాతి కప్పుకు బదులు టేకు వాసాల మీద బెంగుళూరు పెంకులు పరిచారు. ఎగువ అడవుల నుండి దుంగలు తెప్పలు కట్టుకొని గోదావరి మీద దిగేవి. కాలవలు వచ్చాక ఇటుక, సున్నం, కలప అన్నీ పడవల మీదే ఊరి రేవుకు చేరేవి. తీరం దగ్గరి ఊళ్లలో రాతి సున్నానికి బదులు గుల్ల సున్నం వాడేవారు.

డెల్టాలోని పాత చర్చిలన్నీ గోథిక్‌వేనా?

కావు. బ్రెదరన్ వారి కూడిక మందిరాలు ఉద్దేశపూర్వకంగానే నిరాడంబరమైన హాళ్లు. కిటికీకి మొన ఉన్నంత మాత్రాన కట్టడం గోథిక్ అయిపోదు. బరువు దిగే దారి, ఊతగోడలు, కప్పు, ఈ మూడూ చూసి చెప్పాలి.

బలిపీఠం తూర్పు వైపే ఎందుకు ఉంటుంది?

సూర్యోదయ దిక్కును క్రీస్తు పునరుత్థానానికి, పునరాగమనానికి గుర్తుగా తలచి ప్రార్థనలో తూర్పు ముఖంగా నిలవడం ప్రాచీన క్రైస్తవ ఆచారం. మధ్యయుగపు చర్చిలలో దాదాపు అన్నిటా పెద్ద ద్వారం పడమట, బలిపీఠం తూర్పున ఉంటాయి. డెల్టాలో స్థలం రోడ్డుకో కాలవకో ఎదురుగా దొరికినప్పుడు ఈ నియమాన్ని సడలించారు.

ఒకే చర్చిలో వేర్వేరు రకాల కిటికీలు కనిపిస్తాయి. కారణం?

ఒక పేరిష్ చర్చి ఒక్కసారిగా పూర్తయ్యేది కాదు. ఒక తరం గోడలు కట్టేది, మనుమల తరం పక్క వసారా కలిపేది, మరో వందేళ్లకు గోపురం లేచేది. 1348, 1349 సంవత్సరాల ప్లేగు వంటి ఉపద్రవం వస్తే మేస్త్రీలే మిగలక పని ఏళ్ల తరబడి ఆగేది. తిరిగి మొదలుపెట్టినప్పుడు పాత పద్ధతిలో కట్టాలన్న పట్టింపు వారికి లేదు. ఇంగ్లీషు గోథిక్‌ను 1817లో థామస్ రిక్‌మన్ మూడు దశలుగా విడదీశాడు. మొదటి దశలో సన్నగా, పొడుగ్గా ఉండే సాదా కిటికీలు ఉంటాయి. రెండో దశలో కిటికీ తలభాగంలో రాతిని తీగల్లా అల్లుతారు. మూడో దశలో నిట్టనిలువు రాతి కమ్మీలు కిటికీ అడుగు నుండి పై దాకా సాగి, గోడంతా అద్దంలా మారుతుంది. బోస్టన్ చర్చిలో ప్రధాన భాగం రెండో దశది, గోపురం మూడో దశది. ఈ గుర్తులు తెలిస్తే శిలాఫలకం లేకపోయినా గోడ వయసు చెప్పవచ్చు.

రంగు అద్దాల కిటికీలను ఎలా చేసేవారు?

గాజు కరిగి ఉన్నప్పుడే లోహపు భస్మాలను కలుపుతారు. కోబాల్టుతో నీలం, రాగితో ఎరుపు లేదా ఆకుపచ్చ వస్తాయి. చల్లారిన గాజును ముక్కలుగా కోసి, ముఖాలు, వస్త్రపు మడతలు వంటి వివరాలను రంగుతో గీసి మళ్లీ కొలిమిలో కాలుస్తారు. ఆ ముక్కలను సీసపు పట్టీలలో ఇమిడ్చి కిటికీకి బిగిస్తారు. చదువు రానివారికి బైబిలు కథలు చూపించడానికి ఇవి ఎంతో ఉపకరించాయి. ఇంగ్లండులో మత సంస్కరణ తరువాత బొమ్మలు విగ్రహారాధనకు దారితీస్తాయన్న భావంతో ఎన్నిటినో పగలగొట్టారు. 1643, 1644 సంవత్సరాలలో విలియం డౌసింగ్ అనే వ్యక్తి ఆ పని కోసమే నియమితుడై రెండు జిల్లాల చర్చిలు తిరిగాడు. మెదక్‌లో క్రీస్తు ఆరోహణం, జననం, సిలువ మరణం చూపే మూడు పెద్ద కిటికీలను 1927, 1947, 1958 సంవత్సరాలలో ఒక్కొక్కటిగా అమర్చారు. డెల్టా ఊళ్లలో సాదా రంగు గాజు పలకలే ఎక్కువ. 1996 నవంబరు 6 నాటి తుపాను వంటి గాలికి ఏ అద్దమైనా నిలవదు గనుక బయటి వైపు చెక్క తలుపులు ఉండటం మేలు.

పాత గోడలకు సిమెంటు పూత వేయించవచ్చా?

దయచేసి వేయించవద్దు. ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట.

కొన్నేళ్ల కిందట మా మందిరం లోపలి గోడల అడుగు భాగాన సున్నపు గచ్చు రాలుతూ ఉంటే, పని తీసుకున్న కాంట్రాక్టరు సలహా మీద మూడు అడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత వేయించి, పైన ఆయిల్ పెయింటు కొట్టించాము. ఆ ఏడాది క్రిస్మస్‌కు గోడ అద్దంలా మెరిసింది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి, అంతకుముందు అడుగున్నరకు మించని చెమ్మ సిమెంటు పూతను దాటి నాలుగో అడుగులోకి ఎక్కింది. వేళ్ల కణుపులతో గోడను తడితే డొల్ల శబ్దం వచ్చింది. ఒక చోట పూత పెళ్లను ఊడదీసి చూశాను. వెనుకనున్న ఇటుక ఎర్రటి పొడిగా చేతిలోకి రాలింది, దాని మీద పేరుకున్న తెల్లటి నూగును నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంది. నూరేళ్లకు పైగా నిలిచిన ఇటుక రెండేళ్లలో ఆ స్థితికి వచ్చినందుకు ఎంతో బాధపడ్డాను.

కారణం ఇది. డెల్టా నేలలో నీరు పైపైనే ఉంటుంది. దీపపు వత్తి నూనె పీల్చుకున్నట్టు ఇటుక గోడ ఆ నీటిని పైకి పీల్చుకుంటుంది. సున్నపు పూత ఆ తేమను గాలిలోకి విడిచిపెడుతుంది, ఉప్పు పూతలోనే చేరి ఆ పూతను చవుడు పట్టించి రాలుస్తుంది. రాలిన పూతను కొన్నేళ్లకు ఒకసారి తిరిగి వేసుకుంటే సరిపోతుంది, ఇటుక భద్రంగా ఉంటుంది. సిమెంటు ఆ తేమకు దారి మూసేస్తుంది. నీరు ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని లోపలి నుండి పగలగొడుతుంది. ఇంగ్లండులో 1824లో పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు కొత్త కట్టడాలకు గొప్ప వస్తువే. పాత సున్నపు గోడకు మాత్రం అది పొసగదు.

చేయవలసినది నిదానమైన పని. సిమెంటును చిన్న సుత్తితో మెల్లగా ఊడదీసి, గోడను ఒక వేసవి అంతా ఆరనివ్వాలి. తరువాత గానుగ సున్నం, ఇటుక పొడితో చేసిన సుర్కీ కలిపి పలుచటి పొరలుగా పూయాలి. ఒక పొర ఆరాకే మరొకటి వేయాలి. పైన వెల్ల వేస్తే చాలు, ఆయిల్ పెయింటు గాని ప్లాస్టిక్ పెయింటు గాని వద్దు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పాత పద్ధతి తెలిసిన మేస్త్రీ దొరికితే అతని పక్కన ఒక కుర్రవాణ్ని పెట్టి నేర్పించండి.

ఆవరణ మెరక చేయించే ముందు కూడా ఆలోచించండి. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా మట్టి తోలించి ఆవరణను లేపితే, గోడ అడుగు భాగం మట్టిలో కూరుకొని చెమ్మ మరింత ఎక్కుతుంది. గోడ చుట్టూ రెండు అడుగుల మేర పాత మట్టాన్నే ఉంచి, వాన నీరు పోయే తూము తీయడం మంచిది.

గోడ మీద పాత బొమ్మలు బయటపడితే కొత్త రంగులు వేయించవచ్చా?

దీనికి కూడా ల్యూబెక్ చర్చే పాఠం చెబుతుంది. 1942 మంటలకు పూత రాలి, దాని వెనుక మధ్యయుగపు చిత్రాల ఆనవాళ్లు బయటపడ్డాయి. యుద్ధం తరువాత వాటి మరమ్మతుకు నియమితుడైన లోథార్ మాల్స్‌కాట్ అనే చిత్రకారుడు, మిగిలినది బహు తక్కువ కావడంతో, సొంతంగా బొమ్మలు వేసి అవే ప్రాచీనమైనవిగా చూపించాడు. పండితులు కూడా వాటిని మెచ్చుకున్నారు. 1952లో అతనే తన పని బయటపెట్టాడు, విచారణ జరిగి శిక్ష పడింది. చర్చి పైభాగంలోని ఆ నకిలీ బొమ్మలను తరువాత తుడిచివేశారు. కాబట్టి మీ మందిరంలో పాత గీత ఏదైనా కనిపిస్తే నీళ్లతో కడగకండి, రంగుతో నింపకండి. ఫొటో తీసి, కొలతలు రాసి, పాత చిత్రాల పని తెలిసినవారు వచ్చేవరకు దానిని అలాగే ఉంచండి.

మా ఊరి చర్చి ఎప్పుడు కట్టారో ఎలా తెలుసుకోవాలి?

మొదట పునాది రాయి వెతకండి. అది తరచుగా ద్వారం పక్కన, వెల్ల పొరల కింద ఉంటుంది. గీకకుండా, సాయంత్రం వేళ పక్క నుండి టార్చి వేస్తే అక్షరాల నీడ పడి చదవడానికి వీలవుతుంది. గంట అంచు చుట్టూ పోత పోసిన ఏడాది, ఊరు తరచుగా ఉంటాయి. ఊడిపడిన పెంకును తిప్పి చూస్తే కార్ఖానా ముద్ర ఉంటుంది. అయితే కప్పును నడుమ మార్చి ఉండవచ్చు గనుక పెంకు ముద్ర ఒక్కదానితో కట్టడం వయసు తేల్చకూడదు. సమాధుల తోటలోని అతి పాత సమాధి తేదీ, గోడ మందం, ఇటుక కొలత కూడా రాసుకోండి. పాత ఇటుకలు నేటి వాటికంటే సాధారణంగా పలుచగా, వెడల్పుగా ఉంటాయి.

అన్నిటికన్నా విలువైనవి బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్లు. ఏ ఏడాది నుండి ఆ ఊరిలోనే బాప్తిస్మాలు జరిగాయో చూస్తే సంఘం వయసు తెలుస్తుంది. అంతకు కొన్నేళ్ల తరువాతే కట్టుబడి మందిరం లేవడం పరిపాటి, తాటాకు పాకలోనే మొదటి ఆరాధనలు జరిగిన ఊళ్లు ఎక్కువ గనుక. రిజిస్టరు చూసేటప్పుడు చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి. చెదపురుగులు ఉన్న పుస్తకాన్ని ఎండలో పరవకండి, నీడలో గాలి తగిలేచోట ఒక రోజు ఉంచండి. పుట తిప్పేటప్పుడు కింది మూల పట్టుకోకుండా, పై అంచు మధ్య నుండి నెమ్మదిగా ఎత్తండి. ఫోనుతో ప్రతి పుటకూ ఫొటో తీసి, ఒక ప్రతి గురువుగారి దగ్గర, మరొకటి వరద నీరు చేరని మేడ గదిలో ఉంచండి.